మహమ్మారి వేళ మాతృసేవ: కలకత్తా అనుభవం



మానవ జీవితంలో వాయిదా వేయదగిన పనులు అనేకం ఉన్నాయి. పెళ్ళి ముహూర్తాన్ని మార్చుకోవచ్చు. పరీక్షలను మరి రెండు నెలలకు జరుపుకోవచ్చు. తీర్థయాత్రను వచ్చే ఏటికి అట్టేపెట్టుకోవచ్చు. 2020వ సంవత్సరం మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు కోట్లాది కుటుంబాలు ఇవన్నీ చేశాయి. కాని కడుపులోని బిడ్డకు ప్రభుత్వ ప్రకటనలతో నిమిత్తం లేదు. నెలలు నిండిన తల్లికి నొప్పులు రాక మానవు. రైళ్ళు నిలిచిపోయిన రాత్రి కూడా వస్తాయి. ఆస్పత్రి వాకిట కొత్త నిబంధనల పత్రం అతికించిన ఉదయం కూడా వస్తాయి.

అటువంటి తల్లులూ, వారికి అండగా నిలిచిన స్వచ్ఛంద సేవాసంస్థలూ ఈ ప్రసంగానికి విషయం. మహమ్మారి ప్రబలినప్పుడు గర్భిణీ స్త్రీల బాగోగులు చూసే సంస్థ తన సేవలను ఏ విధంగా మలచుకోవాలి? ఈ ప్రశ్నకు కలకత్తా నగరం, అనగా 2001 నుండి కోల్‌కతాగా వ్యవహరింపబడుతున్న ఆ మహానగరం, నూట ఇరవై సంవత్సరాలకు పైబడిన అనుభవంతో సమాధానం చెబుతున్నది. తల్లి ఆస్పత్రి గుమ్మానికి రాలేనప్పుడు సేవ తల్లి గుమ్మానికి వెళ్ళాలి. ఆ గుమ్మం తెరుచుకోవాలంటే మామూలు రోజులలోనే ఆ ఇంటి నమ్మకాన్ని సంపాదించుకొని ఉండాలి. ఆ సమాధానంలోని సారాంశం ఇదే.

రెండు విధాలైన ప్రమాదం

మహమ్మారి కాలంలో గర్భిణిని రెండు ప్రమాదాలు వెన్నాడుతాయి. మొదటిది వ్యాధి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో కోటి మందికి పైగా ప్రజలను బలిగొన్నది. ఆ వ్యాధి గర్భిణుల పట్ల ఎంత క్రూరంగా వ్యవహరించిందో 1919లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలన తెలియజేస్తుంది. వ్యాధి సోకిన సుమారు 1,350 మంది గర్భిణుల వివరాలను సేకరించగా వారిలో నూటికి 27 మంది మరణించినట్లు తేలింది. కడుపుతో ఉన్న స్త్రీకి ఊపిరితిత్తుల పైనా, గుండె పైనా సహజంగానే అదనపు భారం పడుతుంది. శ్వాసకోశ వ్యాధి దానికి తోడైతే తట్టుకోవడం కష్టమవుతుంది.

రెండవ ప్రమాదం వ్యాధి వల్ల కలిగేది కాదు. మూసుకున్న తలుపుల వల్ల కలిగేది. 2014, 2015 సంవత్సరాలలో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో ఎబోలా వ్యాధి చెలరేగినప్పుడు స్త్రీలు భయంతో ఆస్పత్రులకు వెళ్ళడం తగ్గించారు. ఆ కారణంగా తల్లులు, నవజాత శిశువులు, మృతశిశువులు కలిసి సుమారు 3,600 అదనపు మరణాలు సంభవించి ఉంటాయని తరువాత జరిగిన అధ్యయనం అంచనా వేసింది. కోవిడ్ విషయంలోనూ ఇదే జరిగింది. 17 దేశాలకు చెందిన 40 అధ్యయనాలను క్రోడీకరించి 2021 మార్చిలో వెలువడిన సమీక్ష ప్రకారం, మహమ్మారి కాలంలో మృతశిశు జననాలు నాలుగవ వంతుకు పైగా, ప్రసూతి మరణాలు మూడవ వంతుకు పైగా పెరిగాయి. ఆ పెరుగుదల ప్రధానంగా పేద దేశాలలోనే కనిపించింది. వ్యాధిని నివారించడానికి తీసుకున్న జాగ్రత్తలే మరో విధంగా ప్రాణాంతకం కాగలవనే కఠోర సత్యాన్ని ఈ అంకెలు మన ముందు ఉంచుతున్నాయి.

ప్లేగు నాటి కలకత్తా

కలకత్తాకు ఈ పాఠం కొత్తది కాదు. 1898లో నగరంలో ప్లేగు వ్యాధి బయటపడింది. అంతకు ముందు సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. రోగులను బలవంతంగా ఇళ్ళనుండి తరలిస్తారనీ, స్త్రీల ఘోషాను కూడా లెక్కచేయరనీ వదంతులు పుట్టాయి. ప్రజలు వేలాదిగా నగరాన్ని విడిచి పారిపోయారు. రోగి ఉన్న ఇంట రోగిని దాచిపెట్టడం మొదలైంది. చివరకు రోగిని ఇంటిలోనే వేరుగా ఉంచే పద్ధతికి పాలకులు కొంత అవకాశం కల్పించవలసి వచ్చింది.

ఆ రోజులలో డార్జిలింగ్‌లో విశ్రాంతి తీసుకుంటున్న స్వామి వివేకానంద వార్త తెలిసిన వెంటనే కలకత్తాకు తిరిగివచ్చారు. ప్రజలకు ధైర్యం చెబుతూ ఒక ప్రకటన పత్రాన్ని వెలువరించారు. ఆ పత్రాన్ని బెంగాలీలోనే గాక హిందీలో కూడా ప్రచురించారు. బీహారు నుండి, సంయుక్త రాష్ట్రాల నుండి పొట్టకూటి కోసం వచ్చిన కూలీలు, బండివారు, నౌకర్లు నగరంలో అపారంగా ఉన్నారనీ, భయం వారి భాషలోనే వ్యాపిస్తుంది గనుక ధైర్యం కూడా ఆ భాషలోనే చెప్పాలనీ ఆ కార్యకర్తలు గుర్తించారు. చూడడానికి చిన్న విషయమే. కాని అందులో గొప్ప వివేకం ఇమిడి ఉన్నది.

1899 మార్చి చివరన రామకృష్ణ మిషన్ ప్లేగు సేవను ఆరంభించింది. సోదరి నివేదిత కార్యదర్శిగా, స్వామి సదానంద పనులకు అధిపతిగా వ్యవహరించారు. బాగ్‌బజార్ ప్రాంతపు సందులను ఆమె స్వయంగా చీపురు పట్టి ఊడ్చగా, అది చూసి సిగ్గుపడిన యువకులు ఆ పనిని తమ చేతులలోకి తీసుకున్నారని చెబుతారు. ప్రసిద్ధ వైద్యుడు రాధాగోవింద కర్ ఆ కాలపు సంఘటన ఒకటి గ్రంథస్థం చేశారు. తల్లిని కోల్పోయి తానూ ప్లేగు వాతపడిన ఒక బస్తీ బాలుని చెంత నివేదిత రాత్రింబవళ్ళు కూర్చున్నారు. ఆ గుడిసె గోడలకు తానే సున్నం వేశారు. ఆ బాలుడు ఆమె ఒడిలోనే కన్నుమూశాడు. ప్రాణం నిలువలేదు, కాని ఆ వీధిలో సేవ చేసేవారి పట్ల భయం పోయింది. మహమ్మారి కాలంలో అది సామాన్యమైన విజయం కాదు.

సదనం నుండి బస్తీకి

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ సేవాభావం మాతృ సంరక్షణ వైపు విస్తరించింది. దేశబంధు చిత్తరంజన్ దాస్ తన నివాస భవనాన్ని ప్రజలకు అర్పించారు. 1925లో ఆయన మరణించిన తరువాత ఆ ఇంటిని స్త్రీల ఆస్పత్రిగా రూపొందించడానికి గాంధీ మహాత్ముడు బెంగాల్‌లోనే ఉండి పది లక్షల రూపాయల నిధి సేకరణకు పూనుకున్నారు. 1926లో చిత్తరంజన్ సేవా సదనం వెలిసింది. గుజరాత్‌లో పుట్టిన మహాత్ముడు బెంగాలీ తల్లుల కోసం జోలె పట్టడం మన జాతీయ సమైక్యతా చరిత్రలో మరువరాని ఘట్టం.

1932లో స్వామి దయానంద భవానీపూర్‌లో శిశుమంగళ ప్రతిష్ఠాన్‌ను స్థాపించారు. ఆయన అమెరికాలో కొన్ని సంవత్సరాలు గడిపి, అక్కడి మాతాశిశు సంక్షేమ కృషిని దగ్గరగా చూసి వచ్చినవారు. కాన్పు అయ్యే రోజున మాత్రమే తల్లిని చూడడం చాలదనీ, గర్భం ధరించిన తొలి మాసాల నుండే ఆమెను కనిపెట్టి ఉండాలనీ ఆయన ఉద్దేశం. ఆ సంస్థ తరువాత లాన్స్‌డౌన్ రోడ్డుకు, అనగా నేటి శరత్ బోస్ రోడ్డుకు మారింది. 1957 నుండి రామకృష్ణ మిషన్ సేవా ప్రతిష్ఠాన్ అనే పేరుతో అన్ని రకాల రోగులకూ వైద్యం అందించే పెద్ద ఆస్పత్రిగా ఎదిగింది.

1974లో డాక్టర్ సమీర్ చౌధురి మరి ఇద్దరు మిత్రులతో కలిసి చైల్డ్ ఇన్ నీడ్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించారు. దానిని అందరూ క్లుప్తంగా ‘సిని’ అంటారు. నగరానికి దక్షిణాన పైలాన్ సమీపంలో దాని ప్రధాన కేంద్రం ఉన్నది. పోషకాహారం లేక చిక్కిశల్యమైన పిల్లలకు చికిత్స చేయడంతో ఆ సంస్థ పని మొదలైంది. బాగుపడి ఇంటికి వెళ్ళిన బిడ్డ కొద్ది నెలలకే మళ్ళీ అదే స్థితిలో తిరిగిరావడం గమనించిన కొద్దీ దృష్టి బిడ్డ నుండి తల్లి వైపు, తల్లి నుండి ఆమె గర్భకాలం వైపు మళ్ళింది. స్థానికంగా దొరికే ధాన్యాన్నీ, పప్పునూ వేయించి పొడి చేసి బలవర్ధకమైన ఆహారంగా వాడుకోవడం తల్లులకు నేర్పారు. గర్భధారణ నుండి బిడ్డకు రెండవ ఏడు నిండే వరకు గల వెయ్యి రోజులు అత్యంత కీలకమనే అవగాహన ఆ సంస్థ కార్యక్రమాలకు పునాది.

ఇటువంటి సంస్థలు దేశంలో నిలదొక్కుకోవడానికి దారి చూపినవారిలో మన తెలుగు మహిళ ఒకరున్నారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ ధనం అందించి, వారి చేతులమీదుగా గ్రామాలకు ప్రసూతి, శిశు సేవలు చేర్చే విధానానికి ఆ మండలి శ్రీకారం చుట్టింది. ప్రభుత్వానికి ఉన్న వనరులు, స్వచ్ఛంద కార్యకర్తకు ఉన్న చనువు, ఈ రెండూ కలిసినప్పుడే పని జరుగుతుందన్న ఆ సూత్రం 2020లో మరొకసారి పరీక్షకు నిలిచింది.

తలుపులు మూసుకున్న రోజులు

2020 మార్చి 17న కోల్‌కతాలో తొలి కోవిడ్ కేసు నమోదైంది. మార్చి 22 అర్ధరాత్రి నుండి ప్రయాణికుల రైళ్ళు నిలిచిపోయాయి. హౌరా, సియాల్దా స్టేషన్ల నుండి నడిచే లోకల్ రైళ్ళు ఆ నగరానికి నాడులవంటివి. అవి తిరిగి సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది నవంబరు 11న మాత్రమే. డైమండ్ హార్బర్ వైపు గ్రామాల నుండి, కానింగ్ నుండి, తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల నుండి నగరపు పెద్దాస్పత్రికి పోవాలంటే పేదవారికి రైలే దిక్కు. దాదాపు ఏడున్నర నెలల పాటు ఆ దారి మూసుకుపోయింది. గర్భం మోసే కాలం తొమ్మిది నెలలని గుర్తుచేసుకుంటే దీని అర్థం తెలుస్తుంది.

అంగన్‌వాడీ కేంద్రాలు మూతబడ్డాయి. గ్రామాలలో నెలనెలా జరిగే ఆరోగ్య, పోషణ దినాలు ఆగిపోయాయి. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు జరిగే ప్రత్యేక పరీక్షలకూ అంతరాయం కలిగింది. 1835లో స్థాపితమైన కలకత్తా మెడికల్ కాలేజీని 2020 మే నెలలో కోవిడ్ రోగులకు కేటాయించారు. తరతరాల బెంగాలీ తల్లులు పురుడు పోసుకున్న ఈడెన్ ఆస్పత్రి ఆ ప్రాంగణంలోనిదే. ఆ నిర్ణయం అవసరమైనదే కావచ్చు. కాని ఎప్పుడూ వెళ్ళే చోటుకు వెళ్ళవచ్చునో లేదో తెలియక సామాన్య గర్భిణి తికమకపడింది. అదే సమయంలో రోజుకూలీ ఆగిపోయిన ఇళ్ళలో తిండికే కటకట ఏర్పడింది. అందరూ తిన్న తరువాత మిగిలినది తినడం అలవాటైన ఇల్లాలు, కడుపుతో ఉన్నా సరే, ఆ కొరతను ముందుగా తన కంచంలోనే చూస్తుంది.

మారిన సేవాపద్ధతి

ఈ పరిస్థితిలో మాతాశిశు సంస్థలు మొదట చేయవలసి వచ్చిన పని సేవలను రెండుగా విభజించుకోవడం. మాటతో జరిగే పనులు ఒక వైపు. చేయి తగిలితే గాని జరగని పనులు మరొక వైపు. ఏమి తింటున్నదీ, నిద్ర పడుతున్నదీ లేనిదీ, కాళ్ళకు నీరు పట్టిందా, తలనొప్పి, కళ్ళు బైర్లు కమ్మడం ఉన్నాయా, బిడ్డ కదలికలు తెలుస్తున్నాయా, రక్తస్రావం ఏమైనా కనిపించిందా అన్న ప్రశ్నలను టెలిఫోనులో అడగవచ్చు. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వైద్యులు దూరం నుండి సలహా ఇవ్వడానికి చట్టబద్ధమైన రూపం కల్పించాయి. కాని రక్తపోటును ఫోనులో కొలవలేరు. రక్తహీనతను గొంతు విని నిర్ధారించలేరు. ధనుర్వాతపు టీకా మాటలతో వేయడం సాధ్యం కాదు.

అందుచేత గర్భిణుల జాబితాలను కాన్పు తేదీల క్రమంలో తిరిగి రాసుకోవడం ముఖ్యమైంది. నెలలు నిండినవారు, రక్తపోటు ఉన్నవారు, మొదటి కాన్పువారు, మునుపు శస్త్రచికిత్స జరిగినవారు ముందు వరుసలోకి వచ్చారు. పరిమితంగా దొరికే వాహనాన్నీ, నర్సునూ, రక్షణ దుస్తులనూ ముందుగా వారికి కేటాయించడానికి ఆ జాబితా తోడ్పడింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 మే నెలలో జారీచేసిన మార్గదర్శకాలు కూడా ఇదే పద్ధతిని సూచించాయి. తల్లికి కోవిడ్ ఉన్నా లేకున్నా కాన్పు సేవలను నిరాకరించరాదని అవి స్పష్టం చేశాయి. గర్భకాలంలో తల్లికి 180 రోజులకు సరిపడు ఐరన్ మాత్రలు అందాలన్నది మన జాతీయ కార్యక్రమపు నియమం. కేంద్రానికి వచ్చి పుచ్చుకోవలసిన ఆ మాత్రలు ఇప్పుడు బియ్యం, పప్పు, సబ్బు, మాస్కులతో పాటు ఇంటి గడపకు చేరవలసి వచ్చింది.

ఆ గడపకు వెళ్ళినది ఎవరు? ఆ బస్తీలోనే నివసించే ఆశా కార్యకర్తలూ, అంగన్‌వాడీ సేవికలూ, స్వచ్ఛంద సంస్థలలో పనిచేసే స్థానిక మహిళలూ. వారు లోపలికి పోకుండా వాకిట దూరంగా నిలబడి మాట్లాడారు. చాలా ఇళ్ళలో ఫోను భర్త జేబులో ఉంటుంది. అతడు ఇంట లేనప్పుడు ఆమెను పలకరించే మార్గం ఈ మహిళలకు తప్ప మరొకరికి లేదు. భర్త, అత్తగారు వింటుండగా ఫోనులో చెప్పలేని మాటను తల్లి ఆ పొరుగింటి స్త్రీ ముఖం చూసి చెప్పింది. వ్యాధిని మోసుకొస్తున్నారనే అపవాదు కూడా ఈ కార్యకర్తలే భరించారు. ఆరోగ్య సేవకులపై దాడులను కఠినంగా శిక్షించే విధంగా 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించవలసి రావడం ఆ రోజుల వాతావరణానికి నిదర్శనం. ప్లేగు కాలంలో ప్రజలను భయపెట్టిన చట్టమే ఈసారి ప్రజాసేవకులకు రక్షణ కవచమైంది.

మరొక చిక్కు ఆస్పత్రి వాకిట ఎదురైంది. కోవిడ్ పరీక్ష ఫలితం చూపితేనే చేర్చుకుంటామనే పట్టుదల దేశంలో పలుచోట్ల కనిపించింది. నొప్పులు పడుతున్న స్త్రీ ఒక ఆస్పత్రి నుండి మరొక ఆస్పత్రికి తిరగవలసి వచ్చిన దుస్సంఘటనలు వార్తలకెక్కాయి. పరీక్ష జరగలేదన్న కారణంతో కాన్పుతో సహా ఏ అత్యవసర చికిత్సనూ ఆలస్యం చేయరాదని భారత వైద్య పరిశోధనా మండలి 2020 మే 18 నాటి తన ఉత్తర్వులో పేర్కొన్నది. ఆ వాక్యం ఆస్పత్రి కాగితాలలో ఉంటే చాలదు. తల్లి వెంట వచ్చిన అత్తగారికో, అన్నకో తెలియాలి. ఏ ఆస్పత్రికి వెళ్ళాలి, అంబులెన్సుకు ఏ నంబరుకు ఫోను చేయాలి, వెంట ఎవరు రావాలి, నిరాకరిస్తే ఎవరికి చెప్పుకోవాలి అనేవి ముందే నిర్ణయించి ఒక చీటీ మీద రాసి ఇవ్వడం ఇటువంటి కాలంలో ఔషధంతో సమానమైన సేవ.

తుఫాను నేర్పిన గుణపాఠం

ఇట్లా టెలిఫోను ఆధారంగా కొత్త ఏర్పాట్లు కుదుటపడుతున్న తరుణంలో 2020 మే 20న ఆంఫన్ తుఫాను సుందరవనాల సమీపంలో తీరం దాటింది. దక్షిణ బెంగాల్ అతలాకుతలమైంది. కోల్‌కతాలోనే వేలాది చెట్లు నేలకూలాయి. వాటిని తొలగించడానికి సైన్యాన్ని పిలిపించవలసి వచ్చింది. అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు. సెల్‌ఫోన్లు మూగబోయాయి. సురక్షిత దూరం పాటించాలన్న ఆదేశం ఒక వైపు, వందలమంది ఒకే తుఫాను ఆశ్రయంలో తలదాచుకోవలసిన అవసరం మరొక వైపు. ఆ జనంలో కడుపుతో ఉన్నవారూ ఉన్నారు, పచ్చి బాలింతలూ ఉన్నారు.

ఫోను మీద మాత్రమే ఆధారపడిన సేవ ఆనాడు తెగిపోయింది. ఏ ఇంట ఎన్నో నెల గర్భిణి ఉన్నదో మనసులోనూ, చేతి పుస్తకంలోనూ రాసుకున్న స్థానిక కార్యకర్త ఉన్న చోట మాత్రం సేవ తెగిపోకుండా నిలిచే అవకాశం మిగిలింది. యంత్ర సాధనాలను తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. టెలిఫోను చేసిన మేలు అపారం. అయితే అది మనిషి చేతిలోని సాధనం; మనిషికి బదులు నిలిచేది కాదు. తుఫానులు తరచు వచ్చే మన కృష్ణా, గోదావరి తీర జిల్లాలకు కూడా ఈ గుణపాఠం వర్తిస్తుంది.

మణిపూర్ చేతులు, బెంగాల్ తల్లులు

2020 మే మధ్యలో కోల్‌కతాలోని ప్రైవేటు ఆస్పత్రులలో పనిచేస్తున్న 300 మందికి పైగా నర్సులు ఉద్యోగాలు విడిచి స్వరాష్ట్రాలకు వెళ్ళిపోయారు. వారిలో అధికులు మణిపూర్‌కు చెందినవారు. వ్యాధి భయం, తల్లిదండ్రుల ఆందోళన, అద్దె ఇళ్ళ వద్ద ఎదురైన వివక్ష, వేరొక జాతివారిగా చూసే చూపు అందుకు కారణాలుగా చెప్పబడ్డాయి. ఒక్కసారిగా వార్డులు బోసిపోయాయి. ఈ నగరపు నవజాత శిశువులలో ఎందరినో మొట్టమొదట చేతిలోకి తీసుకున్నది ఇంఫాల్ నుండి, కేరళ నుండి, ఒడిశా నుండి వచ్చిన ఆడపడుచులేనన్న సంగతి వారు వెళ్ళిపోయిన తరువాత గాని చాలామందికి స్ఫురించలేదు.

జాతీయ సమైక్యత అనే మాటను మనం సభలలో తరచు వింటూ ఉంటాం. దాని నిజమైన రూపం ప్రసూతి గదిలో కనిపిస్తుంది. బెంగాలీ తల్లి, మణిపూర్ నర్సు, బీహారీ అంబులెన్సు డ్రైవరు, పంజాబీల గురుద్వారా నుండి వచ్చిన భోజనం: ఇవన్నీ కలిస్తేనే మహానగరంలో ఒక బిడ్డ క్షేమంగా భూమిమీద పడుతున్నది. ఆ నర్సుకు అద్దెకు ఇల్లు ఇవ్వని వీధి, తెలియకుండానే తన కోడలి కాన్పుకు తానే అపాయం తెచ్చుకుంటున్నది. సేవాసంస్థల బాధ్యత తల్లులతోనే ముగియదు. తల్లులకు సేవచేసే స్త్రీల గౌరవాన్నీ, వసతినీ, జీతాన్నీ కాపాడడం కూడా మాతృసేవలో భాగమే.

తల్లి భాషలో చెప్పాలి

కోల్‌కతా బెంగాలీల నగరమే అయినా అందరి నగరం. రాజాబజార్, మెటియాబ్రూజ్ ప్రాంతాలలో ఉర్దూ వినిపిస్తుంది. బడాబజార్‌లో హిందీ, రాజస్థానీ వినిపిస్తాయి. నదికి ఇరువైపులా ఉన్న జనపనార మిల్లుల కూలీ లైన్లలో భోజ్‌పురి, ఒడియా మాట్లాడే కుటుంబాలతో పాటు తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. ‘క్వారంటైన్’, ‘కంటైన్‌మెంట్’ వంటి మాటలు ఏ తల్లి భాషకూ చెందినవి కావు. “పాలు ఇవ్వవచ్చునా?” అన్నది ఆమె ప్రశ్న. తల్లికి కోవిడ్ సోకినా, మాస్కు ధరించి చేతులు కడుక్కొని బిడ్డకు చనుబాలు ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఈ ఒక్క మాట ఆమెకు అర్థమయ్యే భాషలో, ఆమె నమ్మే నోటి నుండి సకాలంలో అందకపోతే, బిడ్డను తల్లి నుండి విడదీసి, పోతపాలకు అలవాటు చేసి, మరొక వ్యాధిని కొనితెచ్చుకోవడమే అవుతుంది. 1898లో ప్లేగు ప్రకటనను రెండు భాషలలో వెలువరించిన దూరదృష్టి నేటికీ మార్గదర్శకమే.

టీకా విషయంలోనూ ఈ సత్యం రుజువైంది. 2021 జనవరి 16న దేశంలో కోవిడ్ టీకా కార్యక్రమం మొదలైనప్పుడు గర్భిణులను అందులో చేర్చలేదు. ఏప్రిల్, మే నెలలలో రెండవ ఉద్ధృతి వచ్చింది. వైద్య పరిశోధనా మండలి 2021 జూన్‌లో వెల్లడించిన అధ్యయనంలో 1,530 మంది గర్భిణులు, బాలింతల వివరాలను పరిశీలించారు. తొలి ఉద్ధృతిలో మరణాలు నూటికి 0.7 కాగా రెండవ ఉద్ధృతిలో 5.7కు పెరిగాయి. 2021 జూలై 2న కేంద్ర ఆరోగ్య శాఖ గర్భిణులకు టీకా వేయడానికి అనుమతించింది. అనుమతి ఒక్క రోజులో వచ్చింది. నమ్మకం మాత్రం ఒక్క రోజులో రాలేదు. “మొన్నటిదాకా వద్దన్నారు, నేడు వేసుకోమంటున్నారు, ఏది నిజం?” అని ఒక గర్భిణి అడిగితే ఆమె తప్పు లేదు. ఓపికగా కూర్చుండి కారణం వివరించే బాధ్యత మళ్ళీ ఆ స్థానిక కార్యకర్తల మీదనే పడింది.

రేపటి కర్తవ్యం

మన దేశంలో ప్రసూతి సంరక్షణ ఎంతో ముందుకు సాగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 88.6 కాన్పులు ఆస్పత్రులలో జరుగుతున్నాయి. పశ్చిమ బెంగాల్‌లో ఇది 91.7. 2018–20లో ప్రతి లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97, పశ్చిమ బెంగాల్‌లో 103, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఈ అంకెలు గర్వకారణమే. అయితే ఇందులో ఒక హెచ్చరిక కూడా దాగి ఉన్నది. కాన్పు ఆస్పత్రిలోనే జరగాలని మనం ఒక తరం స్త్రీలకు నేర్పాము. వారు నేర్చుకున్నారు. ఇంటివద్ద పురుడు పోసే మంత్రసానులు దాదాపు కనుమరుగయ్యారు. అటువంటప్పుడు ఆస్పత్రి తలుపు ఒక్క వారం మూసుకున్నా ఆ స్త్రీకి వెనుకకు వెళ్ళే దారి లేదు. ఆస్పత్రికి రమ్మని పిలిచినవారే ఆ తలుపు ఎన్నడూ మూసుకోకుండా చూడవలసిన బాధ్యత వహించాలి.

ఇందుకు మూడు పనులు అవసరం. ప్రతి జిల్లాలో, అంటువ్యాధి ఎంత ప్రబలినా ప్రసూతి సేవలు ఆపని ఆస్పత్రులు ఏవో ముందే నిర్ణయించి ప్రజలకు తెలియజేయాలి. గర్భిణుల జాబితా ప్రభుత్వ కంప్యూటరులోనే గాక, కరెంటు పోయినా చదువుకోగలిగే విధంగా కార్యకర్త చేతిలో కూడా ఉండాలి. మూడవది అన్నిటికన్నా ముఖ్యమైనది. స్వచ్ఛంద సంస్థలనూ, వాటిలో స్వల్ప పారితోషికానికి పనిచేసే మహిళలనూ ఆపద వచ్చినప్పుడు మాత్రమే తలుచుకోవడం మానాలి. శిశుమంగళ ప్రతిష్ఠాన్‌లో 1932లో ప్రారంభమైన సేవ, 1974లో సిని మొదలుపెట్టిన సేవ దశాబ్దాల పాటు మామూలు రోజులలో సాగాయి గనుకనే 2020 నాటికి అవి ఆ ప్రాంతాల తల్లులకు పరిచితమైన పేర్లు. నమ్మకాన్ని అత్యవసరంగా దిగుమతి చేసుకోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

మరొక మహమ్మారి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది ఏ వ్యాధి అయినా, ఏ ప్రాంతంలో వచ్చినా, ఆ రోజున కూడా మన దేశంలో వేలాది తల్లులు నొప్పులు పడుతూనే ఉంటారు. వారి భాష ఏదో, మతం ఏదో, రాష్ట్రం ఏదో విచారించకుండా వారి గడపకు చేరగల మనిషిని నేడే సిద్ధం చేసుకోవడం మన కర్తవ్యం. ఏ బస్తీలోనో, ఏ కూలీ లైనులోనో ఈ ఉదయం ఒక ఆశా కార్యకర్త ఏ ఆపదా లేకుండానే ఒక గర్భిణి ఇంటి తలుపు తట్టి, “అమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?” అని అడిగి ఉంటే, ఆ సన్నాహం ఈ ఉదయమే ఆరంభమైనట్లు.